మూడు గడుల్లో ఇమడని సమాజశాస్త్రం

సమాజశాస్త్రం చదవడం మొదలుపెట్టగానే విద్యార్థి చేతికి ఒక పట్టిక వస్తుంది. ప్రకార్యవాదం (సమాజంలోని ప్రతి ఏర్పాటూ ఏదో ఒక అవసరం తీరుస్తుందనే వాదం) గడిలో దుర్ఖైమ్, పార్సన్స్. సంఘర్షణ సిద్ధాంతం (సమాజాన్ని వర్గాల మధ్య పోరుగా చూసేది) గడిలో మార్క్స్. ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం (మనుషులు మాటలు, సంజ్ఞలతో ఒకరితో ఒకరు మెలిగే తీరును చూసేది) గడిలో మీడ్, బ్లూమర్. పరీక్ష గట్టెక్కడానికి ఇది చాలు. వీళ్లు అసలు ఏమన్నారో తెలుసుకోబోతే మాత్రం ఈ పట్టికే అడ్డొస్తుంది.

ఒక పాత గొడవ చూద్దాం. 1945లో కింగ్స్‌లీ డేవిస్, విల్బర్ట్ మూర్ అనే అమెరికన్ ప్రకార్యవాదులు ఒక చిన్న వ్యాసం రాశారు. హెచ్చుతగ్గులు లేని సమాజమే లేదు, కాబట్టి వాటివల్ల సమాజానికి ఏదో అవసరం తీరుతూ ఉండాలన్నది వాళ్ల వాదన. కొన్ని పనులు సమాజానికి మరీ ముఖ్యం. వాటికి తగిన నైపుణ్యం కొందరికే ఉంటుంది, అదీ ఏళ్ల తరబడి శిక్షణ తీసుకుంటేనే. డబ్బు, గౌరవం ఎక్కువగా దక్కకపోతే అంత కష్టానికి ఎవరు సిద్ధపడతారు? వినగానే నిజమే కదా అనిపిస్తుంది.

1953లో మరో అమెరికన్ సమాజశాస్త్రవేత్త మెల్విన్ ట్యూమిన్ ఈ వాదనను ముక్కముక్కలుగా విప్పాడు. ఏ పని ముఖ్యమో ఎవరు తేల్చారు? ఫ్యాక్టరీ నడవాలంటే ఇంజనీర్లు ఎంత అవసరమో, ఏ నైపుణ్యమూ లేని కూలీలూ అంతే అవసరం. జీతం ఎక్కువ కాబట్టి ఆ పని ముఖ్యం, ముఖ్యం కాబట్టి జీతం ఎక్కువ అంటే అది గానుగెద్దు నడకే. శిక్షణ కోసం చేసే త్యాగం సంగతి చూసినా, ఆ ఖర్చు చాలాసార్లు మోసేది తల్లిదండ్రులు. అంతకన్నా గట్టి దెబ్బ ఇంకొకటి ఉంది. హెచ్చుతగ్గులు ఎంత బిగుసుకుపోతే, కింది వాళ్లలో ఎంత ప్రతిభ ఉందో కనిపెట్టే అవకాశం అంత తగ్గిపోతుంది. నా మటుకు ఈ వాదులాటలో ట్యూమినే గెలిచాడు. అయినా కష్టమైన పనులకు మనుషులు ఎలా దొరుకుతారన్న డేవిస్, మూర్‌ల ప్రశ్న మాత్రం కొట్టిపారేసేది కాదు.

ఇప్పుడు పట్టిక దగ్గరికి వద్దాం. ప్రకార్యవాదానికి మూలపురుషుడిగా చెప్పే దుర్ఖైమ్ ఈ గొడవలో ఎటువైపు ఉండేవాడు? 1893లో శ్రమ విభజన మీద రాసిన పుస్తకంలో ఆయన 'బలవంతపు శ్రమ విభజన' గురించి మాట్లాడాడు. పుట్టుకతోనే కొందరు ధనికులు, కొందరు పేదలు అయినప్పుడు వాళ్ల మధ్య కుదిరే ఒప్పందాలు న్యాయంగా ఉండవన్నాడు. అంటే తన గడిలోని డేవిస్ కంటే ట్యూమిన్‌కే ఆయన దగ్గర. లూయిస్ కోజర్ అయితే 1956లో, తగాదాలు కూడా ఒక గుంపును కలిపి ఉంచగలవని రాశాడు. ఆయన్ని ఏ గడిలో వేస్తారు? వర్గంతో పాటు సామాజిక హోదాను, పార్టీని కూడా లెక్కలోకి తీసుకున్న జర్మన్ సమాజశాస్త్రవేత్త వెబర్‌దీ ఇదే ఇబ్బంది. ఫిలడెల్ఫియాలోని నల్లజాతి జనం మధ్య ఇంటింటికీ తిరిగి 1899లోనే పెద్ద అధ్యయనం ప్రచురించిన నల్లజాతి సమాజశాస్త్రవేత్త డుబాయిస్‌కు దశాబ్దాల పాటు ఏ గడిలోనూ చోటివ్వలేదు. దీన్ని పొరపాటు అని సరిపెట్టుకోవడం నాకు కష్టం.

పేర్ల సంగతి మరీ తమాషా. 'ప్రతీకాత్మక పరస్పర చర్యావాదం' అనే పేరు బ్లూమర్ పెట్టింది 1937లో. ఆ వాదానికి ఆద్యుడనే మీడ్ 1931లోనే చనిపోయాడు. తాను ఏ గడికి పెద్దో ఆయనకు తెలియనే తెలియదు.

ఆ గడి వాళ్లు అడిగే ప్రశ్న మాత్రం మిగతా రెండు గడుల వాళ్లూ వదిలేసినది. జీతం నెలాఖరుకు చేతికొస్తుంది, సరే. మరి గౌరవం? అది రోజూ ఎదురెదురుగా ఇచ్చి పుచ్చుకునేదే. సాధారణంగా ఆ గడిలోనే వేసే ఎర్వింగ్ గాఫ్‌మన్ వాషింగ్టన్‌లోని ఒక పెద్ద మానసిక వైద్యశాలలో, ఆటపాటల విభాగం అధికారికి సహాయకుడిగా చేరి, సుమారు ఏడాది పాటు రోగుల మధ్య తిరిగాడు. అలాంటి చోట్ల మనిషి లోపలికి రాగానే బట్టలు మార్పిస్తారు, సొంత వస్తువులు తీసుకుంటారు, ఒంటరిగా ఉండే వీలు లేకుండా చేస్తారు. అప్పటిదాకా నలుగురిలో ఒక పేరు, ఒక స్థానం ఉన్న మనిషి ఆ తతంగం పూర్తయ్యేసరికి ఉత్త రోగిగా మిగులుతాడని 1961లో ఆయన రాశాడు.