మెమోరియల్ పార్కులో ఆటలాడితే తప్పేంటి?

హ్యూస్టన్ మెమోరియల్ పార్కు లాంటి, అమరుల పేరున ఉన్న చోట మన పిక్నిక్కులు, పిల్లల పరుగు పందేలు ఏం బాగుంటాయని మన తెలుగు సంఘంలో కొందరు పెద్దలు అంటున్నారు. వాళ్ళ బాధ అర్థమైంది కానీ, ఆ మాటకి నేను ఒప్పుకోను.

1917లో అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగాక, హ్యూస్టన్‌లో ఆ చోట క్యాంప్ లోగన్ శిక్షణ శిబిరం వెలిసింది. ఇల్లినాయ్ రాష్ట్రం కుర్రాళ్ళు అక్కడ కవాతు నేర్చుకుని ఫ్రాన్స్ వెళ్ళారు. కొందరు అక్కడి మట్టిలోనే కలిసిపోయారు. 1924లో హ్యూస్టన్‌లోని సంపన్న హాగ్ కుటుంబం అక్కడి దాదాపు 1,500 ఎకరాలు కొన్న ధరకే నగరానికి ఇచ్చింది. (ఇప్పుడు ఆ చుట్టుపక్కల ఇళ్ళ ధరలు తెలిసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద మాటో చెప్పక్కర్లేదు.) సైనికుల జ్ఞాపకంగా ఊరికి దక్కింది పార్కే. మూడు మైళ్ళ నడక దారి, 1936 నాటి గోల్ఫ్ కోర్సు, ఇవన్నీ అందులో భాగమే. అక్కడ ఆడితే అమరులకు అగౌరవం ఎలా అవుతుంది?

నన్ను బాధించేది వేరే ఉంది. ఆ శిబిరం కడుతున్నప్పుడు కాపలాకి వచ్చినవాళ్ళు 24వ పదాతి దళానికి చెందిన నల్లజాతి సైనికులు. ఊళ్ళో ఆ సైనికులకి రోజూ అవమానాలే. 1917 ఆగస్టు 23న తమలో ఒకడిని పోలీసులు చంపేశారన్న పుకారు పుట్టింది. నిజానికి అతన్ని కొట్టి, కాల్పులు జరిపి, పట్టుకెళ్ళారు. ఆ రాత్రి సైనికులు తుపాకులతో ఊళ్ళోకి నడిచారు. పోలీసులు, పౌరులు, సైనికులు కూడా చనిపోయారు. అది చిన్న నేరమని నేను అనను. కానీ తర్వాత జరిగిన విచారణలు? 19 మందిని ఉరితీశారు. మొదటి 13 మందికి అప్పీలు చేసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. విచారణలు న్యాయంగా జరగలేదని సైన్యమే ఒప్పుకుని, 110 మందికి పడ్డ శిక్షలను రద్దు చేయడానికి 2023 దాకా పట్టింది.

అదే ఏడాది పార్కులో కొత్త ల్యాండ్ బ్రిడ్జి (రోడ్డు మీదుగా మట్టి పోసి, పచ్చిక పెంచిన వంతెన) తెరిచారు. మనమంతా అక్కడ ఫోటోలు దిగి, గ్రూపుల్లో పెట్టుకున్నాం. శిక్షల రద్దు సంగతి మన వాట్సాప్ గ్రూపుల్లో నాకెక్కడా కనిపించలేదు.

అందుకే నా ప్రతిపాదన ఇది. ఈసారి పిక్నిక్కు అక్కడే పెడదాం. పందేలకి ముందు, పులిహోర పొట్లాలు విప్పకముందే, తెలుగు బడి పిల్లలకి ఈ రెండు కథలూ చెబుదాం: ఫ్రాన్స్ వెళ్ళినవాళ్ళదీ, ఉరికంబం ఎక్కినవాళ్ళదీ. అభ్యంతరం చెప్పిన పెద్దలే చెబితే మరీ సంతోషం. మైకు సంగతి నేను చూసుకుంటాను.