‘ఓనర్ లేరు సామీ’ అనే అంగడికి ప్రచారం ఏం చేస్తుంది?

పోయిన నెల తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర ఒక ఇత్తడి సామాన్ల అంగడిలో కూర్చుని ఉన్నాను. మధ్యాహ్నం రెండున్నర. నల్గొండ నుంచి వచ్చిన ఒక కుటుంబం పొద్దున కొన్న కుందుల జతను వాపసు తెచ్చింది. ఒక కుంది నేల మీద పెడితే ఊగుతోంది, అడుగు సమంగా లేదు. కౌంటర్ దగ్గరున్న అబ్బాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో. కుందిని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. గాజు బల్ల మీద పెట్టి వేలితో కదిపాడు. ‘‘నిజమేనమ్మా, ఊగతా ఉండాది’’ అన్నాడు. వెనక గోడౌన్‌లో అలాంటి జతలు ఇంకా ఉన్నాయని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ తర్వాత అతని నోట వచ్చిన మాట ఒక్కటే: ‘‘ఓనర్ లేరు సామీ. ఆయనొస్తేనే.’’

ఓనర్ భోజనానికి ఇంటికెళ్ళి కునుకు తీస్తున్నారు. ఫోన్ మూడుసార్లు మోగి ఆగిపోయింది. వాళ్ళకేమో సాయంత్రం నారాయణాద్రి రైలుకి టికెట్లు. 650 రూపాయల వస్తువు కోసం అరగంట నిలబడి వెళ్ళిపోయారు. వాళ్ళమ్మాయి అంగడి మెట్లు దిగుతూనే కుంది ఫొటో పెట్టి, జరిగింది రాసేసింది.

నాలుగు రోజుల తర్వాత ఆ ఓనర్ నాకు ఫోన్ చేశారు. ‘‘అన్నా, గూగుల్‌లో ఆ రివ్యూ తీయించేదానికి ఎవరన్నా తెలిసినోళ్ళు ఉండారా? ఒక ఏజెన్సీ అతను నెలకు 15 వేలిస్తే అంతా చూసుకుంటానంటా ఉండాడు.’’

ఈ ఊళ్ళో చిన్న వ్యాపారులకు ఇప్పుడు ఇలాంటి సలహాలకు కొదవ లేదు. రీల్స్ చేయించండి, ఫాలోవర్లున్న వాళ్ళను పిలిచి అంగడి చూపించండి, మంచి రివ్యూలు నాలుగు రాయించండి, ఓనర్ మొహం ఫ్లెక్సీ మీద వేయించండి. వీటిలో కొన్ని పనికొచ్చేవే కావచ్చు. కానీ ఏ ప్రచారమూ ఆ మధ్యాహ్నం రెండున్నరకు కౌంటర్ దగ్గర జరిగినదాన్ని మార్చలేదు. అక్కడ కావలసింది 650 రూపాయల కుందుల జతను మార్చి ఇవ్వగల అధికారం. అది ఆ అబ్బాయి చేతిలో లేదు. చిన్న అంగడికి పీఆర్ (ప్రజా సంబంధాలు) అన్నా, నాయకత్వం అన్నా నా లెక్కలో ఆ అధికారం ఇవ్వడమే.

తిరుపతి వ్యాపారుల మనసులో తరాలుగా ఒక లెక్క ఉంది. రోజూ 60, 70 వేల మంది కొండెక్కే ఊరు. ఈ పూట కొన్నవాడు రేపు కనపడడు, అతని చోట ఇంకొకరు నిలబడతారు. అందుకని మొహమాటం అక్కర్లేదు. ఇక బోణీ కాకముందు వాపసు అంటే చాలా అంగళ్ళలో మాట కూడా వినరు. ఆ లెక్క ఒకప్పుడు నడిచిందేమో, ఇప్పుడు నడవదు. యాత్రికుడు ఒక్కసారే వచ్చినా అతను రాసిన నాలుగు మాటలు ఇక్కడే ఉండిపోతాయి. రేపు రైలు దిగేవాళ్ళు స్టేషన్ దాటకముందే వాటిని చదువుతారు. పైగా 2020 మార్చి 20న దర్శనాలు ఆగి, జూన్ 11న సామాన్య భక్తులకు మళ్ళీ మొదలయ్యేదాకా గాంధీ రోడ్డు ఎలా ఉందో మనం చూశాం. లాక్‌డౌన్ సడలించి షట్టర్లు ఎత్తాక కొనడానికి మిగిలింది ఊరివాళ్ళే. ‘లోకల్ వాళ్ళు గీచి గీచి బేరమాడతారు’ అని ఏళ్ళ తరబడి విసుక్కున్నవాళ్ళే ఆ వారాల్లో లోకల్ వాళ్ళ కోసం ఎదురుచూశారు.

చట్టం సంగతి ఒక్క మాటలో చెప్పేస్తాను. బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అచ్చేసుకున్నంత మాత్రాన బాధ్యత తీరదు. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు వాపసు తీసుకుని డబ్బు ఇవ్వననడం అనుచిత వ్యాపార పద్ధతి. డబ్బిచ్చి రాయించిన రివ్యూలను ప్రచురించకూడదని భారతీయ ప్రమాణాల సంస్థ 2022లోనే ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. ఏజెన్సీ అమ్మజూపుతున్న దారి అంత శుభ్రమైనదేమీ కాదు.

పీఆర్ అనే వృత్తి పుట్టిందే దాచుకోవడం మానేసినప్పుడు. 1906లో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర ఒక రైలు వంతెన మీది నుంచి నీళ్ళలో పడింది. అలాంటప్పుడు విలేకరులను దరిదాపులకు రానివ్వకపోవడమే అప్పటి రైల్వే కంపెనీల అలవాటు. పెన్సిల్వేనియా రైల్‌రోడ్ తరఫున పనిచేసిన ఐవీ లీ మాత్రం జరిగింది జరిగినట్టు రాసి పత్రికలకిచ్చాడు, వాళ్ళను ప్రమాదస్థలానికి తీసుకెళ్ళే ఏర్పాటూ చేశాడు. ఆ వృత్తికి ఆద్యుల్లో ఒకడని ఇవాళ చెప్పుకునేది ఆయన్నే. ఇక అధికారం సంగతి. రిట్జ్ కార్ల్‌టన్ హోటళ్ళలో ఒక అతిథికి ఎదురైన ఇబ్బంది తీర్చడానికి 2,000 డాలర్ల దాకా, పైవాళ్ళను అడక్కుండా ఖర్చుపెట్టే వీలు ప్రతి ఉద్యోగికీ ఉంటుందని హోటల్ వ్యాపారంలో అందరికీ తెలిసిందే. టయోటా ఫ్యాక్టరీలో తప్పు కనపడితే మామూలు కార్మికుడు తాడు లాగో, బటన్ నొక్కో కార్లు తయారయ్యే లైను ఆపవచ్చు. అంత పెద్ద కంపెనీలు కింది మనిషిని అంతలా నమ్ముతుంటే, మనం 650 రూపాయల దగ్గర నమ్మలేకపోతున్నాం.

అమెరికా, జపాన్ దాకా ఎందుకు, పుత్తూరు కట్టునే తీసుకోండి. ఎముకల డాక్టర్లకు దాని మీద అభ్యంతరాలున్నాయి, ఆ చర్చ వేరు. నేను చూసేది పేరు ఎలా వచ్చిందన్నది. తమిళనాడు, కర్ణాటక ఊళ్ళలో కూడా ‘పుత్తూరు కట్టు’ అని బోర్డులు పెట్టుకునేంత పేరది. ఏ ఏజెన్సీ తెచ్చింది దాన్ని? విరిగిన చెయ్యి పట్టుకుని వచ్చినవాడికి ఎదురుగా కూర్చున్న మనిషే చూశాడు, కట్టాడు, ఎన్ని రోజులకు మళ్ళీ రావాలో చెప్పాడు. ‘పెద్దాయన లేరు’ అని తిప్పి పంపి ఉంటే ఆ పేరు పుత్తూరు పొలిమేర దాటేది కాదు.

కుర్రాళ్ళకు అధికారమిస్తే డబ్బు తినేస్తారని, కొనేవాళ్ళలోనూ మోసగాళ్ళుంటారని, ఆర్నెల్లకోసారి మారిపోయే పనివాళ్ళను ఏం చూసి నమ్మాలని వ్యాపారులు అంటారు. లాభాలు సన్నగిల్లిన కాలంలో ఆ భయం ఉత్తదని నేను అనను. కానీ అధికారమంటే గల్లాపెట్టె అప్పగించడం కాదు. ఒక్కో బేరానికి 700 రూపాయల హద్దు, పక్కన ఒక నోటు పుస్తకం: ఏ వస్తువు, ఎందుకు మార్చాం, ఎవరు మార్చారు. రాత్రి షట్టర్ దించే ముందు ఓనర్ ఒకసారి చూసుకుంటే చాలు. నెలకు 15 వేలు ఏజెన్సీకి పోసే మనిషి, ఆ డబ్బుతో ఇలాంటి జతలు ఇరవైకి పైగా మార్చివ్వొచ్చు. అన్ని లోపాలు వస్తున్నాయంటే తప్పు సరుకు తెచ్చేచోట ఉంది. ఆ పుస్తకం లేకపోతే ఆ సంగతి ఆయనకు ఎప్పటికీ తెలియదు.

నా అసలు బాధ అంగడి దగ్గర ఆగదు. ‘ఓనర్ లేరు’ అన్న మాటే ఆఫీసులో ‘సార్ లేరు’ అవుతుంది, ఆస్పత్రిలో ‘పైన అడగాలి’ అవుతుంది. మనిషి ఎదురుగా ఉన్నచోట అధికారం లేదు, అధికారం ఉన్నచోట మనిషి ఎదురుపడడు. దీన్ని మనం ఇంటి నుంచే నేర్పుతున్నాం. ఇరవై ఏళ్ళ పిల్లాణ్ణి ‘నీకేం తెలుసు, చెప్పింది చెయ్యి’ అని పెంచుతాం. అతనే రేపు కౌంటర్ వెనక నిలబడి, తప్పు కళ్ళ ముందు కనపడుతున్నా చేతులు కట్టుకుంటాడు. మన పిల్లలకు తెలివి తక్కువై కాదు. ఆ కుంది ఊగుతోందని ముందుగా ఒప్పుకున్నది ఆ అబ్బాయే. అంత నిజాయితీ ఉన్న మనిషి చేతిలో తాళం చెవి పెట్టడానికి మనకు మనసు రావడం లేదు. ‘నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది’ అంటారు కదా, ఆ నోటికి చెయ్యి కూడా తోడవ్వాలి.

ఓనర్‌కు ఏజెన్సీ సంగతి వదిలేయమని చెప్పాను. బిల్లు పుస్తకంలో ఆ నల్గొండ కుటుంబం ఫోన్ నంబరుంది, నా ముందే ఆయనతో ఫోన్ చేయించాను. తప్పు మాదేనమ్మా అన్నారు, కొత్త జత కొరియర్‌లో పంపుతామన్నారు. అవతల ఫోన్ ఎత్తిన ఆమె డబ్బు మాట ఎత్తలేదు, రివ్యూ మాట ఎత్తలేదు. ‘‘ఆ పిలగాన్ని ఏమన్న అన్నరా సార్? ఏమనకుండ్రి, పాపం ఆయన తప్పేం లేదు’’ అంది. కుందులు మర్నాడే వెళ్ళాయి. గోడౌన్ తాళం చెవి మాత్రం ఇవాళ్టికీ ఓనర్ మొలతాడుకే వేలాడుతోంది, ఆ అబ్బాయి చేతికి రాలేదు.