కాల్చింది కొంతే, విషమంతా నేలలోనే

భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ పాత ఫ్యాక్టరీ చుట్టుపక్కల బస్తీల్లో ఒకప్పుడు కొన్ని చేతిపంపులకు ఎర్ర రంగు పూశారు. ఆ నీళ్లు తాగొద్దని గుర్తు. రంగు పూసినవాళ్లు తమ పని అయిందనుకున్నారు. బిందె పట్టుకుని వచ్చినవాళ్లకు మాత్రం దగ్గర్లో వేరే నీళ్లు లేవు. ఎర్ర పంపే కొట్టుకుని పట్టుకెళ్లారు. బస్తీలకు మంచినీళ్లు ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది.

2025 కొత్త సంవత్సరం రోజు రాత్రి దృశ్యం ఇంకా కళ్లముందే ఉంది. పన్నెండు కంటైనర్లలో 337 టన్నుల విషవ్యర్థాలు పోలీసు బందోబస్తుతో, వాటిని కాల్చేందుకు ఇండోర్ దగ్గరి పారిశ్రామిక పట్టణం పీథంపూర్‌కు బయల్దేరాయి. హైకోర్టు గట్టిగా మందలిస్తే గానీ అధికారులు కదల్లేదు. జూన్ నెలాఖరుకల్లా వాటిని కాల్చేశారు. నలభై ఏళ్ల పీడ విరగడైందని చాలామంది అనుకున్నారు. కాలేదు.

ఆ 337 టన్నులు 2005లో ఫ్యాక్టరీ ఆవరణలో ఏరి, షెడ్డులో పెట్టిన సరుకు మాత్రమే. విషం ఇంకిన మట్టి ఎంత ఉందో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’, మన హైదరాబాద్‌లోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలు 2010లోనే లెక్క తేల్చారు: సుమారు 11 లక్షల టన్నులు. కాల్చింది అందులో మూడు వేలలో ఒక వంతుకు కూడా సరిపోదు.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. ఈ మట్టిలోని విషం 1984 డిసెంబరు నాటి గ్యాస్‌ది కాదు. అంతకుముందు ఏళ్ల తరబడి పురుగుమందులు తయారుచేస్తూ కంపెనీ గుంతల్లో పారబోసిన వ్యర్థాలది. 1977లో ఫ్యాక్టరీ బయట ప్లాస్టిక్ షీటు పరిచి చెరువులు కట్టి, వ్యర్థజలాలను అందులోకి వదిలారు. ఎండకు నీరు ఆవిరైపోతుందనుకున్నారు. షీటు కారింది. అప్పటినుంచి ప్రతి వానకూ ఆ విషం భూగర్భజలంలోకి దిగుతూనే ఉంది. గ్యాస్ పీల్చని పిల్లలు కూడా ఆ నీళ్లు తాగి పెరిగారు.

పీథంపూర్ వాసుల భయాన్ని అమాయకత్వమని కొట్టిపారేయడం తప్పు. మీ ఊళ్లో కాలుస్తామని ముందుగా వాళ్లను కూర్చోబెట్టి చెప్పినవారు లేరు. టెన్షన్ ఎంత పెరిగిందంటే నిరసనలో ఇద్దరు ఒంటికి నిప్పంటించుకోబోయారు. పైగా కాలిస్తే చెత్త మాయం కాదు. సున్నం కలిపి కాల్చడంతో బూడిద, ఇతర అవశేషాలు 800 టన్నులు దాటాయి. వాటిని పూడ్చిన చోట నీళ్లు చేరకుండా తరాల పాటు కాపలా కాయాలి.

ఈ పనికి కేంద్రం 126 కోట్లు ఇచ్చింది. అది జనం సొమ్ము. 2001లో యూనియన్ కార్బైడ్‌ను కొన్న డౌ కంపెనీ ఆ ఫ్యాక్టరీ తాను నడపలేదంటూ బాధ్యత ఒప్పుకోవడం లేదు. శుద్ధి ఖర్చుకు ముందుగా వంద కోట్లు కట్టించాలని 2005లో కేంద్రమే కోర్టును కోరింది. ఆ పట్టు ఎందుకు సడలాలి? కలుషిత స్థలాల నిర్వహణకు 2025 జులైలో తెచ్చిన నిబంధనలు కూడా పాడుచేసినవారే ఖర్చు భరించాలంటున్నాయి. వాటికి తొలి పరీక్ష భోపాల్ కావాలి.

బస్తీల వారీగా నీటి పరీక్షల ఫలితాలు హిందీలో, అందరికీ కనబడేలా గోడమీద అతికించాలి. చెరువుల మట్టిని ఏం చేయబోతున్నారో, ఎక్కడికి తరలిస్తారో అక్కడివాళ్లకు ముందే చెప్పాలి. తవ్వకం ఏ రోజున మొదలవుతుందో ప్రభుత్వం తేదీ ప్రకటించాలి.