అడుగున కాదు, పైనే పెట్టండి
ప్రయాణాల్లో కొన్న వస్తువులను విమానంలో ఎలా తెచ్చుకోవాలో చెప్పిన ఒక వ్యాసం చదివాను. రాతి బొమ్మలు, లోహపు విగ్రహాల్లాంటివి కొంటే బట్టల్లో బాగా చుట్టి క్యాబిన్ బ్యాగ్ అడుగున పెట్టమని అందులో రాశారు. పగలకుండా ఉండటానికి అది సరే కానీ, సెక్యూరిటీ దగ్గర ఇబ్బంది పెట్టేది అదే. దట్టమైన రాయిలోంచి, ఇత్తడిలోంచి ఎక్స్‌రే సరిగా దూరదు, తెర మీద నల్లటి ముద్దలా కనిపిస్తుంది. అదేమిటో అర్థం కానప్పుడు వాళ్లు బ్యాగ్ తెరిపించక తప్పదు. నేను ఒకసారి అరచెయ్యంత రాతి ఏనుగును మూడు చొక్కాల్లో చుట్టి అడుగున పెట్టాను. బ్యాగ్‌లోవన్నీ తీసి బల్ల మీద పరిచారు. అవతల బోర్డింగ్ పిలుపు వినిపిస్తుంటే టెన్షన్‌తో జిప్ కూడా సరిగా పట్టలేకపోయాను. అప్పటి నుంచి అలాంటివి ఒక్క తువ్వాలులో చుట్టి పైనే పెడుతున్నాను, అడగకముందే తీసి ట్రేలో ఉంచుతున్నాను. వ్యాసంలో రాని సంగతి ఇంకోటుంది. ఊపితే మంచు కురిసినట్టు కనిపించే గాజు గోళాల్లో ఉండేది ద్రవమే కదా. క్యాబిన్ బ్యాగ్‌లో ఏ ద్రవమైనా ఒక్కో దాంట్లో 100 మిల్లీలీటర్లకు మించకూడదని 2006 నుంచి చాలా దేశాల్లో వచ్చిన నియమం, సీలు తీయకపోయినా సరే, వాటికీ వర్తిస్తుంది. పెద్దదైతే చెక్‌ఇన్ లగేజీలో వేసేయండి. మా పాప కోసం ఎంతో ఇష్టంగా కొన్నదాన్ని నేను ఆ బల్ల మీదే వదిలేసి రావాల్సి వచ్చింది.