పరికరం సకాలంలో స్పందిస్తుందన్న హామీ ఎవరిది?

వాషింగ్ మెషిన్ నుంచి ఆసుపత్రిలో రోగికి మందు ఎక్కించే ఇన్ఫ్యూజన్ పంపు వరకు, మనం నిత్యం ఆధారపడే ఎన్నో పరికరాలను లోపల ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్, అంటే మైక్రోకంట్రోలర్, నడిపిస్తుంది. వాటిలో చాలావాటిలో రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉంటుంది. కొన్ని కిలోబైట్ల మెమరీతో సరిపెట్టుకునే ఈ సాఫ్ట్‌వేర్ గొప్పతనాన్ని వేగంతో కొలవలేం. ఎంత ఒత్తిడిలోనైనా ఫలానా పని ఫలానా గడువులోగా ముగిసేలా చూడడమే దాని బాధ్యత.

గడువు తప్పడానికి ప్రాసెసర్ మందకొడితనమే కారణం కానక్కర్లేదు. 1997 జులైలో అంగారకుడిపై దిగిన నాసా వ్యోమనౌక పాత్‌ఫైండర్‌లో వీఎక్స్‌వర్క్స్ అనే రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండేది. వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్యపు టాస్క్ (సాఫ్ట్‌వేర్‌లో విడిగా నడిచే ఒక పని) ఒక ఉమ్మడి వనరును ఇతర టాస్క్‌లు వాడకుండా తాళం వేసుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యపు టాస్క్‌లు ప్రాసెసర్‌ను ఆక్రమించాయి. ఆ తాళం కోసం వేచి ఉన్న అధిక ప్రాధాన్యపు టాస్క్ గడువు దాటడంతో కంప్యూటర్ పదేపదే రీసెట్ అయింది. తాళం పట్టుకున్న టాస్క్‌కు, దాని కోసం ఎదురుచూసే టాస్క్ ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా అప్పగించే సదుపాయం అందులో ముందే ఉంది. భూమి నుంచి దాన్ని ఆన్ చేశాకే సమస్య తీరింది. ప్రయోగానికి ముందు పరీక్షల్లోనూ ఇలాంటి రీసెట్ కనిపించిందన్నదే ఇందులో నన్ను ఎక్కువగా కలవరపెట్టే విషయం. అరుదుగా వచ్చే లోపాన్ని సగటు కొలతలు పట్టుకోలేవు.

నగర శివారులోని సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాల పార్కు ఉన్న హైదరాబాద్‌కు ఇది దూరపు ముచ్చట కాదు. ఇలాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లే అయిన ఫ్రీఆర్‌టీఓఎస్ 2003 నుంచి, జెఫిర్ 2016 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి కాబట్టి చిన్న కంపెనీకీ మంచి పునాది అందుబాటులో ఉంది. అయితే ఆపరేటింగ్ సిస్టమ్ మంచిదైనంత మాత్రాన పరికరం గడువుకు కట్టుబడదు. ఏ టాస్క్‌కు ఏ ప్రాధాన్యం ఇవ్వాలో, చేస్తున్న పనిని ఆపి తనను వెంటనే పట్టించుకోమని ప్రాసెసర్‌కు వచ్చే సంకేతాలను (ఇంటరప్ట్‌లను) ఎంతసేపు ఆపి ఉంచవచ్చో నిర్ణయించేది ఇంజనీరే. అమీర్‌పేటలోనైనా, ఇంజనీరింగ్ కళాశాలల్లోనైనా ఇలాంటి పరికరాల సాఫ్ట్‌వేర్ నేర్పే ఎంబెడెడ్ కోర్సు చదివే విద్యార్థి చేత టాస్క్‌లు రాయించడంతో ఆగకుండా, అత్యంత ప్రతికూల పరిస్థితిలో ఆ టాస్క్‌కు పట్టే సమయాన్ని కొలిపించాలి.

కొనేవారి బాధ్యతా తక్కువేమీ కాదు. వీఎక్స్‌వర్క్స్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌లో 11 భద్రతా లోపాలున్నాయని 2019లో బయటపడింది. అదే సాఫ్ట్‌వేర్ ఇతర ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ చేరి ఉండడంతో అమెరికాలో మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆ అక్టోబరులో ఆసుపత్రులను హెచ్చరించింది. నిమ్స్, గాంధీ వంటి ఆసుపత్రులకు పరికరాలు కొనే టెండర్లలో అలారం మోగడానికి పట్టే గరిష్ఠ సమయాన్ని, దాన్ని ఏ పరిస్థితుల్లో కొలిచారో తెలిపే నివేదికను, లోపం బయటపడితే పరికరంలోని సాఫ్ట్‌వేర్‌ను (ఫర్మ్‌వేర్‌ను) ఎన్నేళ్లపాటు సరిచేసి ఇస్తారన్న లిఖితపూర్వక హామీని తప్పనిసరి చేయాలి.