అజ్ఞాత సమీక్షకుడు, పూర్తి పేరుతో సహా

ఒక పరిశోధన వర్క్‌షాప్‌కు 24 పేపర్లు వచ్చాయనుకోండి. ఒక్కోదాన్ని ముగ్గురు చదవాలి, అంటే 72 సమీక్షలు. కమిటీలో పన్నెండు మంది ఉంటే తలా ఆరు. లెక్క ఇంత చక్కగా కుదిరేది కాగితం మీదే. బిడ్డింగ్ (ఎవరికి ఏ పేపర్లు కావాలో ఎంచుకోవడం) పెట్టిన వారంలో అటువైపే చూడని సభ్యుడికి, ఎవరూ కోరుకోని ఆరూ వచ్చి ఒళ్లో పడతాయి. వాటిని గడువు రోజు రాత్రి తెరుస్తాడు. ఆ గడువు కూడా ‘ఏఓఈ’ (ఎనీవేర్ ఆన్ ఎర్త్): భూమ్మీద ఏ మూలన ఆ రోజు మిగిలున్నా గడువు ఉన్నట్టే, అంటే మర్నాడు యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) మధ్యాహ్నం పన్నెండు దాకా.

అసలు తంటా పేరు దాచుకోవడంతో వస్తుంది. ఈజీచైర్, హాట్‌సీఆర్‌పీ, ఓపెన్‌రివ్యూ, సమీక్షలు నడిపే ఈ వెబ్‌సైట్లలో ఏది వాడినా సమీక్షకుడి పేరు రచయితల కంట పడకుండా కాపాడగలదు. సమీక్షకుడి బారి నుంచి సమీక్షకుణ్ణి కాపాడడం మాత్రం దాని తరం కాదు.

ఆయన పీడీఎఫ్ తెరిచి మార్జిన్లో పసుపు చీటీలు అంటిస్తాడు: “ఈ పట్టిక ఎక్కణ్ణుంచి ఊడిపడింది?” ఆ ఫైలునే సమీక్షకు జతచేస్తాడు. చీటీ తెరిస్తే చాలు, ఆయన పేరు, తేదీ, రాత్రి 2.11 అని టైముతో సహా. చాలా పీడీఎఫ్ రీడర్లు ఆ పేరును లాగిన్ నుంచి వాటంతటవే తీసుకుంటాయి. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. సెట్టింగుల్లో పేరును ‘రెండో సమీక్షకుడు’ అని మార్చుకున్నాకే చీటీ రాయాలి. తర్వాత మారిస్తే పాత చీటీల మీద పాత పేరే ఉండిపోతుంది.

వర్డ్‌ది ఇంకో తమాషా. ఫైల్లో దాగిన వివరాలు వెతికే డాక్యుమెంట్ ఇన్‌స్పెక్టర్‌తో వ్యక్తిగత వివరాలు తీసేస్తే, వ్యాఖ్యల పక్కన పేరు పోయి ‘ఆథర్’, అంటే రచయిత, అన్న మాట వచ్చి కూర్చుంటుంది. ఇక చూసేవాళ్లకు, రచయితే తన పేపర్ మొదటి పేజీలో “ఇది అచ్చుకు పనికిరాదు” అని రాసుకున్నట్టుంటుంది. అంత నిజాయితీ గల రచయిత ఇంకా పుట్టలేదు.

ఈ గోలంతా ఎందుకని ముగ్గురూ కలిసి ఒక గూగుల్ డాక్ తెరుస్తారు. లింకు పట్టుకుని లాగిన్ లేకుండా వస్తే పేరు బదులు ఏదో జంతువు బొమ్మ కనిపిస్తుంది. కాపీబారా “దండగ పేపర్” అంటుంది. ఇంకో జంతువు దాన్ని “ప్రయోగాలు బలహీనం” అని దిద్దుతుంది. లాగిన్‌లోంచి బయటికి రావడం మరిచిన మూడో మనిషి, సొంత పేరూ ఫొటోతో, “కొంత మెరుగుపరచవచ్చు” అని ముగిస్తాడు. మర్యాద కుదిరిందని కమిటీ చైర్ ఆ లింకునే రచయితకు పంపేస్తారు, ఎడిటర్ హక్కుతో. ఎడిటర్‌కు వెర్షన్ హిస్టరీ, అంటే ముందు ఏం రాసి ఏం దిద్దారన్నదంతా, కనిపిస్తుంది. వ్యూయర్‌కు, కామెంటర్‌కు కనిపించదు. కామెంట్లు లేకుండా ఒక కాపీ తీసి, పాత చరిత్ర ఏమీ లేని ఆ కొత్త ఫైలు ఇచ్చినా సరిపోయేది.

గంటలో డాక్ కింద రచయిత జవాబు రాస్తాడు: “ధన్యవాదాలు. కాపీబారా గారు చెప్పిందే సూటిగా అర్థమైంది.”