నిజం చెప్పే గూఢచారి మనకెందుకు?

దేశ భద్రత మీద చర్చ పెట్టగానే ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, ఉపగ్రహం ఇంటి పైకప్పుని ఫొటో తీయగలదు గానీ లోపల కూర్చున్నవాడి కడుపులో ఏముందో చెప్పలేదు, దానికి మనిషే కావాలి అని. ఒప్పుకుంటాను. కాకపోతే ఆ ఉద్యోగానికి నిజం చెప్పేవాళ్లను వెతుకుతున్నారు చూడండి, నా బాధ అక్కడే. చరిత్ర తిరగేస్తే అంతకంటే పనికిరాని అర్హత ఇంకోటి కనపడదు.

1941 జూన్‌లో జర్మన్ వైమానిక శాఖలో ఉన్న ఒకాయన ప్రాణాలకు తెగించి మాస్కోకు కబురు పంపాడు, ఇక్కడ దాడికి అంతా సిద్ధం, ఏ క్షణమైనా మీద పడతారు అని. స్టాలిన్ ఆ నివేదిక మీదే, వీణ్ణి వాడి తల్లి దగ్గరికి పంపండి అని రాశాడు (తల్లికి తగిలించిన విశేషణం నేను రాయలేను). నివేదిక తేదీ 17. దాడి 22న జరిగింది. టోక్యో నుంచి అదే హెచ్చరిక పంపిన సోవియట్ గూఢచారి రిచర్డ్ జోర్గేని జపాన్ 1944లో ఉరితీసింది, అతను పనిచేసిన సోవియట్ యూనియన్ 1964లో బిరుదిచ్చింది. ఇరవై ఏళ్లకైనా ఫైలు కదిలింది, సంతోషం.

అదే, జర్మనీ తన గూఢచారి అనుకున్న స్పెయిన్‌వాడు హువాన్ పుజోల్‌ని చూడండి. లిస్బన్‌లో కూర్చుని, బ్రిటన్ మొహం కూడా చూడకుండా, టూరిస్టు గైడు ముందేసుకుని, బ్రిటన్‌లో తిరుగుతున్నట్టు జర్మనీకి రిపోర్టులు పంపాడు. గ్లాస్గోలో లీటరు వైన్ కోసం ఏమైనా చేసే మనుషులున్నారని రాస్తే నమ్మారు. షిల్లింగులు, పెన్నీలు కూడటం రాక, ఖర్చుల పద్దులు విడివిడిగా రాసి మొత్తం తర్వాత చెబుతానన్నాడు, అదీ నమ్మారు! తర్వాత బ్రిటన్ చేరదీశాక అసలు లేని ఏజెంట్లని 27 మందిని పుట్టించాడు. అందులో ఒకణ్ణి చంపేసి పేపర్లో చావు కబురు వేయిస్తే, లేని భార్యకి జర్మనీ పెన్షన్ ఇచ్చింది. 1944లో అటు జర్మనీ నుంచి ఐరన్ క్రాస్ పతకం, ఇటు బ్రిటన్ నుంచి ఎంబీఈ బిరుదు.

ఆ జర్మనీయే అంకారాలో బ్రిటిష్ రాయబారి నౌకరు అసలు రహస్య పత్రాలు ఫొటో తీసి అమ్మితే, చేతిలో పెట్టింది చాలావరకు దొంగనోట్లు. లేని ఏజెంట్లకి అసలు డబ్బు, అసలు పత్రాలకి నకిలీ డబ్బు.

ముగ్గురు వేగులవాళ్లు విడివిడిగా ఒకే మాట చెబితేనే నమ్మమన్నాడు కౌటిల్యుడు. ముగ్గురి కోసం ఆగే ఓపిక ఎవరికుంది? ఇరాక్‌లో లారీల మీద తిరిగే జీవాయుధ ల్యాబుల కథ ‘కర్వ్‌బాల్’ అనే మారుపేరున్న ఒక్కడు జర్మనీలో చెబితే, 2003లో అమెరికా దాన్ని ఐక్యరాజ్య సమితిలో బొమ్మలేసి మరీ చూపించింది. అంతా అల్లిందేనని అతనే 2011లో ఒప్పుకున్నాడు. ఈలోపు ఇరాక్ మీద యుద్ధం కూడా జరిగిపోయింది.

అందుకే గూఢచారుల ఎంపిక పరీక్షలో ఒక్కటే ప్రశ్న ఉంచాలి: ‘మంత్రిగారు ఏం వినాలనుకుంటున్నారో ఊహించి, ఐదు పేజీలకు తగ్గకుండా వ్రాయుము.’ గైడు చూసి రాయొచ్చు. కూడికలు రాకపోయినా ఫర్వాలేదు.